వేడి ఎక్కడికి పోతుంది?

ఎండాకాలం వచ్చిందంటే మన ఇళ్ళలో ఏసీ మాట రాక తప్పదు. ఉన్నవారు కరెంటు బిల్లు గురించి మాట్లాడతారు. లేనివారు కొనాలా వద్దా అని ఆలోచిస్తారు. ఎవరు మాట్లాడినా ఒక మాట మాత్రం అందరి నోటా ఒకే విధంగా వస్తుంది: "ఏసీ చల్లగాలి ఇస్తుంది." ఈ మధ్య ఒక పాత కిటికీ ఏసీని విప్పించి, దాని లోపలి భాగాలన్నిటినీ దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. చూసిన తరువాత తెలిసినదేమంటే, ఆ పెట్టెలో చల్లదనాన్ని తయారుచేసే భాగం ఒక్కటి కూడా లేదు. వేడిని ఒక చోట తోడి మరొక చోట పారబోసే ఏర్పాటు మాత్రమే ఉన్నది. ఈ తేడా చిన్నదిగా కనబడవచ్చు గాని, మా ఇంట్లో ఒక నిర్ణయం దాని మీదనే ఆధారపడింది. మీ ఇంటికి కూడా ఉపయోగపడుతుందని తలంచి వ్రాస్తున్నాను.

మాది విజయవాడ. ఇక్కడి ఎండల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కృష్ణ ప్రక్కనే ఉండడం వలన ఎండతో పాటు ఉక్కపోత కూడా ఉంటుంది. మా అమ్మగారికి డెబ్బై ఆరేళ్ళు. బి.పి. మందులు వాడుతున్నారు. కిందటి వేసవిలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడబోయారు. "ఈ వయసులో శరీరం వేడిని తట్టుకోలేదు. రాత్రిపూటైనా గది చల్లగా ఉండేలా చూడండి" అని డాక్టరుగారు ఖండితంగా చెప్పారు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందుచేత ఆ మాటను మేము తేలికగా తీసుకోలేకపోయాము.

హైదరాబాదులో ఉంటున్న మా తమ్ముడు క్రొత్త ఏసీ పెట్టించుకుంటూ, తన పాత కిటికీ ఏసీని మాకు పంపించాడు. ఒకటిన్నర టన్నుది. దానిని వరండాలో దించడానికి ఇద్దరు మనుషులు ఆయాసపడ్డారు. అమ్మ గదికి ఉన్నది ఒకే ఒక కిటికీ. అది సందులోకి తెరుచుకుంటుంది. సందు వెడల్పు నాలుగు అడుగులు. అవతల, సరిగ్గా మా కిటికీకి ఎదురుగా, ఒక చెల్లెమ్మ కుట్టుమిషను పెట్టుకొని ఉదయం నుండి రాత్రి పదింటి వరకు బట్టలు కుడుతూ ఉంటుంది. భర్త లేడు. ఇద్దరు పిల్లల చదువు ఆ మిషను మీదనే నడుస్తున్నది. ఆమె గదికి గాలి వచ్చేది కూడా ఆ సందులో నుండే.

కిటికీ ఏసీ గనుక కిటికీలోనే బిగించాలి గదా అని ఇంట్లో అందరూ అనుకున్నాము. బిగించే ముందు సర్వీసు చేయించడం మంచిదని మా పేటలోని ఏసీ మెకానిక్ కుర్రాడిని పిలిచాను. "తమ్ముడూ, నీవు విప్పుతున్నంతసేపూ నేను ప్రక్కనే కూర్చుంటాను. ఏది ఏమిటో చెప్తూ ఉండు" అన్నాను. అతడు నవ్వి, "కూర్చోండి అయ్యగారూ. ఎంతయిందని తప్ప ఇంకేమీ ఎవరూ అడగరు" అన్నాడు.

మొదట అతడు ప్లగ్గు ఊడదీసి, తీగను చుట్టి, అందరికీ కనబడేటట్టు పెట్టె మీద పెట్టాడు. తరువాత ముందరి జాలీ తీశాడు. దాని వెనుక సన్నని వల లాంటి ఫిల్టరు ఉన్నది. అది దుమ్ముతో పాత దుప్పటిలాగా తయారైంది. "సగం ఏసీలకు రోగం ఇదే. ఇది మూసుకుపోతే గాలి లోపలికి పోదు. చల్లదనం రాదు, కరెంటు మాత్రం కాలుతుంది. రెండు వారాలకొకసారి కుళాయి క్రింద కడిగి, నీడలో ఆరబెట్టుకుంటే చాలు. దీనికి నన్ను పిలవనక్కరలేదు" అన్నాడు. తన రాబడి తగ్గే మాటను తానే చెప్పిన ఆ కుర్రాడి మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది.

ఫిల్టరు వెనుక ఒక కాయిలు ఉన్నది. రాగి గొట్టం పాములాగా మెలికలు తిరుగుతూ ఉంటుంది. దానికి అడ్డంగా కాగితం కంటె కొంచెం మందమైన అల్యూమినియం రేకులు వందల కొద్దీ దగ్గరదగ్గరగా గ్రుచ్చి ఉంటాయి. ఆ రేకుల వలన గాలికి తగిలే వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాయిలు ముందు సన్నని రాగి కడ్డీ ఒకటి తగిలించి ఉన్నది. అది థర్మోస్టాటుకు చెందినది. గదిలోని గాలి ఎంత వేడిగా ఉన్నదో చూసి, కంప్రెసరును నడపమనీ ఆపమనీ చెప్పేది అదే.

పై మూత తీసేసరికి ఆ పెట్టెలో రెండు భాగాలు కనిపించాయి. నడుమ ఒక రేకు గోడ, దానికి థర్మోకోలు అతికించి ఉన్నది. ముందు భాగం గదిది, వెనుక భాగం వీధిది. ముందు కాయిలు లాంటిదే మరొకటి, దానికంటె పెద్దది, వెనుక ఉన్నది. నడిమి గోడను దూసుకుపోయే ఇరుసు గల మోటారు ఒక్కటే. దానికి ఒక చివర లోపలి గాలిని త్రిప్పే బ్లోయరు, మరొక చివర వెనుక కాయిలు మీదికి గాలిని తోసే ఫ్యాను ఉన్నాయి. రెండు వైపుల గాలి ఎక్కడా కలవదు. రెండింటినీ కలుపుతున్నది రాగి గొట్టాలలో తిరిగే గ్యాసు మాత్రమే.

ఒక మూలన వెండి రంగు డబ్బా కనబడితే నేను చేయి చాపబోయాను. "ఆగండి అయ్యగారూ" అని అతడు ఆపాడు. అది కెపాసిటరు. ప్లగ్గు తీసినా దానిలో కరెంటు నిలిచి ఉంటుందట. సరైన విధంగా దానిని ఖాళీ చేసిన తరువాతనే మిగిలినవి ముట్టుకోవాలి. అందుచేత ఈ వ్యాసం చదివి ఎవరూ స్క్రూడ్రైవరు పట్టుకొని ఏసీ మూత తీయవద్దని మనవి. ఫిల్టరు వరకు మన పని, ఆ తరువాతది పని తెలిసినవారి పని.

ఇక గ్యాసు సంగతి. నాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించినది ఇదే. ఆ పాత ఏసీలో ఉన్నది ఆర్-22 అనే గ్యాసు. ముందు కాయిలులో అది ద్రవంగా ప్రవేశించి మరుగుతుంది. మరగడమంటే మనకు పొయ్యి గుర్తుకు వస్తుంది. అయితే ఒక ద్రవం ఎంత వేడి దగ్గర మరుగుతుందన్నది దాని మీద ఉండే ఒత్తిడిని బట్టి ఉంటుంది. మన ప్రెషరు కుక్కరులో ఆవిరి బయటకు పోలేక ఒత్తిడి పెరుగుతుంది గనుక, నీరు 100 డిగ్రీలు దాటి 120 డిగ్రీల దాకా వెళ్ళి మరుగుతుంది. అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది. ఆర్-22 మామూలు గాలి ఒత్తిడి దగ్గర సున్నాకు 41 డిగ్రీలు క్రిందనే మరిగిపోయే పదార్థం. ముందు కాయిలులో ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు ఆరు రెట్లు ఉంటుంది. ఆ ఒత్తిడి దగ్గర అది 5 డిగ్రీల ప్రాంతంలో మరుగుతుంది. 

మరగడానికి వేడి కావాలి. ఆ వేడిని అది గదిలోని గాలి నుండి లాగుకుంటుంది. ఇంజెక్షను ఇచ్చే ముందు నర్సమ్మ దూదితో స్పిరిట్ రాసినప్పుడు చేయి చల్లబడడం మీకు తెలుసు. స్పిరిట్ ఆవిరవుతూ మన చేతి వేడిని తీసుకుపోతుంది. మట్టి కూజాలో నీళ్ళు చల్లబడేదీ, వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లితే గది చల్లబడేదీ ఇదే కారణం చేత. ఏసీ కూడా ఆ పాత ఉపాయమే. తేడా ఏమిటంటే, కూజా నీరు ఆవిరై పోతుంది. ఏసీలోని గ్యాసు పోకుండా తిరిగి వస్తుంది.

తిరిగి రావాలంటే అది మోసుకొచ్చిన వేడిని ఎక్కడో దించాలి. ఇక్కడే చిక్కు ఉన్నది. బయట 42 డిగ్రీల ఎండ కాస్తుంటే, 5 డిగ్రీల దగ్గర ఉన్న గ్యాసు తన వేడిని బయటికి ఎలా ఇస్తుంది? నీరు పల్లానికి పారినట్టు వేడి కూడా ఎక్కువ నుండి తక్కువకే పోతుంది గదా. అందుకని కంప్రెసరు కావాలి. నల్లరంగు వేసి, వెల్డింగుతో మూసేసిన బరువైన డబ్బా అది. అది ఆ గ్యాసును గట్టిగా అదుముతుంది. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం చిన్నప్పుడు అందరమూ చూసినదే. అదే విధంగా, అదిమిన గ్యాసు బాగా వేడెక్కి, బయటి ఎండకంటె కూడా ఎక్కువ వేడితో వెనుక కాయిలులోకి వెళుతుంది. అక్కడ ఒత్తిడి గాలి ఒత్తిడికి సుమారు ఇరవై రెట్లు. ఇప్పుడు ఎండే దానికి చల్లన. ఫ్యాను గాలికి తన వేడిని వదిలి, 50 డిగ్రీల ప్రాంతంలో అది మళ్ళీ ద్రవమవుతుంది.

ఆ ద్రవం దారం లాంటి సన్నని రాగి గొట్టం గుండా ముందుకు వస్తుంది. దానిని క్యాపిల్లరీ అంటారు. అంత సన్నని దారిలో దూరి వచ్చేసరికి దాని ఒత్తిడి పడిపోతుంది, చల్లబడుతుంది, మళ్ళీ మరగడానికి సిద్ధమవుతుంది. ఆపిన వెంటనే ఏసీని తిరిగి వేయవద్దని అంటారు గదా, అందుకు కారణం ఈ గొట్టమే. రెండు వైపుల ఒత్తిడులు దాని గుండా సమానం కావడానికి మూడు నిమిషాలైనా పడుతుంది. ఈలోగా వేస్తే కంప్రెసరు మీద భారం పడుతుంది.

ఇక్కడ మెకానిక్ చెప్పిన మరొక మాట ప్రతి ఇంటికీ పనికివస్తుంది. "గ్యాసు పెట్రోలు లాంటిది కాదండి, వాడినకొద్దీ అయిపోవడానికి. తిరిగిందే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెదకకుండా ఏటేటా గ్యాసు నింపించుకుంటే డబ్బు దండగ." దండగ మాత్రమే కాదు, హాని కూడా. ఆర్-22 గాలిలో కలిస్తే, సూర్యుని అతినీలలోహిత కిరణాల నుండి మనలను కాపాడే ఓజోను పొర దెబ్బతింటుంది. దానిని కాపాడడానికే 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది. 1992లో మన దేశం కూడా అందులో చేరింది. ఆ ఒప్పందం ప్రకారం ఆర్-22ను క్రమంగా తొలగిస్తున్నారు. క్రొత్త ఏసీలలో ఎక్కువగా వాడే ఆర్-32 ఓజోనుకు హాని చేయదు గాని, భూమిని వేడెక్కించే గుణం దానికీ ఉన్నది. అది బొగ్గుపులుసు వాయువుకంటె 675 రెట్లు. కొన్ని ఏసీలలో ఆర్-290 వాడుతున్నారు. అంటే మన వంటగ్యాసులో ఉండే ప్రొపేనే. దాని వలన ఆ హాని చాలా తక్కువ, అయితే అంటుకునే స్వభావం ఉన్నది. అందుచేత గ్యాసు గొట్టాల జోలికి వెళ్ళే పని శిక్షణ పొందినవారి చేతనే చేయించాలి.

"ఒకటిన్నర టన్ను అంటే దీని బరువా?" అని మా అబ్బాయి అడిగాడు. చాలామందికి ఉండే సందేహమే ఇది. ఏసీలు రాకముందు చల్లదనమంటే మంచుగడ్డలే. 1833లో అమెరికాలోని బోస్టన్ నుండి కలకత్తాకు ఓడలో మంచుగడ్డలు వచ్చాయి. మద్రాసు సముద్రతీరంలో 1842 ప్రాంతంలో ఆ గడ్డలను దాచడానికి కట్టిన ఐస్ హౌస్ నేటికీ ఉన్నది. ఆ అలవాటు చొప్పున, ఒక అమెరికను టన్ను, అంటే 907 కిలోల మంచు, ఒక రోజులో కరిగి ఎంత వేడిని పీల్చుకుంటుందో ఆ కొలతను ఒక టన్ను అన్నారు. మా ఇంటి ఏసీ రాత్రింబగళ్ళు ఆగకుండా నడిస్తే 1,360 కిలోల మంచు చేసే పని చేస్తుందన్నమాట.

ఈ యంత్రం పుట్టుకలో కూడా రోగుల బాధ ఉన్నది. ఫ్లోరిడాలోని అపలాచికోలా అనే రేవు పట్టణంలో జాన్ గోరీ అనే డాక్టరు ఉండేవాడు. జ్వరంతో కాలిపోతున్న రోగుల గదులలో మంచుగడ్డలను పైకప్పుకు వ్రేలాడదీసి గదిని చల్లబరిచేవాడు. మంచు ఎక్కడో ఉత్తరాన ఉన్న చెరువుల నుండి ఓడలలో రావాలి. ఓడ రాకపోతే రోగికి చల్లదనం లేదు. అందుకని గాలిని అదిమి, వదిలి, మంచును తయారుచేసే యంత్రం నిర్మించి 1851లో పేటెంటు పొందాడు. దానితో డబ్బు సంపాదించకుండానే 1855లో చనిపోయాడు. తరువాత 1902లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయానికి వేరొక ఇబ్బంది వచ్చింది. గాలిలోని తేమకు కాగితం సాగి, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా పడేవి కావు. విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు చల్లని కాయిళ్ళ మీదుగా గాలిని పంపించి ఆ తేమను తీసివేసే పద్ధతి రూపొందించాడు. నేటి ఏసీకి అదే మొదలు అని చెప్తారు.

తేమను తీయడమన్నది మన కోస్తా జిల్లాల వారికి బాగా అవసరమైన సంగతి. చెమట ఆరితేనే శరీరం చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుంది గాని ఆరదు. దానినే మనం ఉక్కపోత అంటున్నాము. రాయలసీమలో, తెలంగాణలో పొడి ఎండకు హాయినిచ్చే కూలరు మన వైపు అంతగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఏసీలో ముందు కాయిలు చల్లగా ఉంటుంది గనుక, చల్లని నీళ్ళ గ్లాసు బయట చెమర్చినట్టు గాలిలోని తేమ దాని మీద నీరై కారుతుంది. ఆ నీరు పెట్టె అడుగున ఉన్న తొట్టి గుండా వెనుకకు పోతుంది. అక్కడ ఫ్యాను రెక్కల చుట్టూ ఉన్న రింగు ఆ నీటిని చిలికి, వేడి కాయిలు మీద చల్లుతుంది. వృథాగా పోయే నీటిని కూడా వేడిని దించడానికే వాడుకున్నారు. మిగిలిన నీరు గొట్టం గుండా బయటికి పోతుంది. అది త్రాగడానికి పనికిరాదు గాని, మొక్కలకు పోసుకోవచ్చు.

శుభ్రం చేసి, మూత బిగించి, సాయంకాలం వరండాలోనే బల్ల మీద పెట్టి ఏసీని నడిపి చూపించాడు. పిల్లలందరూ ముందు నిలబడి కేరింతలు కొట్టారు. నేను గోడకు తగిలించే ఉష్ణమాపకం తీసుకొని కొలిచాను. వరండాలో 36 డిగ్రీలు. ముందు నుండి వచ్చే గాలి 22. వెనుక నుండి వచ్చే గాలి 48. అరగంట గడిచిన తరువాత వరండా మొత్తం ఎలా ఉన్నదో చూశాను. చల్లబడలేదు సరికదా, ఒక డిగ్రీ పెరిగింది. ఎందుకంటే అక్కడ ముందుకూ వెనుకకూ నడుమ గోడ లేదు. వచ్చిన చల్లదనమూ పోయిన వేడీ ఒకటిగా కలిసిపోయి, పైగా కరెంటు వలన పుట్టిన వేడి మిగిలింది.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. ఒకటిన్నర టన్ను ఏసీ గదిలో నుండి తోడే వేడి సుమారు 5.3 కిలోవాట్లు. అది నడవడానికి పట్టే కరెంటు సుమారు 1.7 కిలోవాట్లు. ఆ కరెంటు కూడా చివరకు వేడిగానే మారుతుంది. రెండూ కలిపి 7 కిలోవాట్లు వెనుక నుండి బయటికి వస్తాయి. అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు ఏడు ఒకేసారి వేసి, ఆ సందులో పెట్టినట్టు. నాలుగు అడుగుల సందులో ఆ వేడి పైకి పోయేలోపల ఎదుటి కిటికీలోకి పోతుంది.

ఆ మరునాడే ఆ చెల్లెమ్మ కుట్టిన బట్టలు ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యగారూ, ఏసీ పెట్టిస్తున్నారట గదా. మంచిదండి, పెద్దమ్మగారికి నిద్రపడుతుంది" అన్నది. "నీ కిటికీ ఎదురుగానే వస్తుందమ్మా" అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "ఏముందిలెండి, ఆ వేళకు కిటికీ మూసుకుంటాను" అన్నది. కిటికీ మూసుకుంటే ఆ గదికి వేరే గాలి లేదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆమె వెళ్ళిన తరువాత అమ్మ, "నేను చల్లగా పడుకోవడానికి ఆ పిల్ల ఉడికిపోవాలా? నాకు ఫ్యాను చాలు, వెనక్కి పంపించెయ్యి" అన్నది. నా భార్య ఊరుకోలేదు. "డాక్టరుగారు చెప్పినది మరిచిపోయారా అత్తయ్యా? మొన్న పడబోయినప్పుడు నేను దగ్గర లేకపోతే ఏమయ్యేది?" అన్నది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది.

మిగిలిన దారి ఒక్కటే. అమ్మ గదికి వెనుక గోడ పెరటి వైపు ఉన్నది. అక్కడ పాత బావి, వేపచెట్టు తప్ప ఎవరి కిటికీ లేదు. అయితే గోడకు రంధ్రం చేయాలి. అద్దె ఇల్లు. ఇంటివారికి ఫోను చేస్తే, "గోడ పగులగొట్టడానికి వీల్లేదండి, కిటికీ ఉన్నది గదా" అన్నారు. మరునాడు నేనే వెళ్ళి, ఎదుటి గది సంగతి వివరించి, రంధ్రం పైన సిమెంటు పలక వేయిస్తామనీ, ఖాళీ చేసేటప్పుడు ఇటుకలతో పూడ్చి ఇస్తామనీ చెప్పాను. చివరకు ఒప్పుకున్నారు. తాపీమేస్త్రీకి, పలకకు, ఏసీ కొరకు వేరుగా లాగిన మందపాటి తీగకు, పదహారు ఆంపియర్ల ప్లగ్గుకు, ఎర్తింగుకు అన్నీ కలిపి ఎనిమిది వేలు దాటింది. కిటికీలో పెట్టి ఉంటే అందులో సగం ఖర్చు తగ్గేది. పని పూర్తి కావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రాత్రులూ తడి తువాలు మెడకు చుట్టి, ఫ్యాను క్రింద అమ్మను పడుకోబెట్టి, నేనూ నా భార్యా వంతుల వారీగా లేచి చూస్తూ ఉన్నాము. ఆ రోజులు గట్టెక్కేదాకా మాకు భయంగానే ఉండేది.

ఇప్పుడు అమ్మ గది చల్లగా ఉంటున్నది. పెరటిలోకి పోయినా వేడి వేడే. అది ఎక్కడికీ మాయమైపోదు. అమెరికాలోని ఫీనిక్స్ నగరం మీద 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, ఏసీలు వదిలే వేడి వలన రాత్రివేళ కొన్ని చోట్ల బయటి గాలి 1 డిగ్రీకి పైగా వేడెక్కుతున్నదని తేలింది. ఏసీ లేనివారు ఆ గాలిలోనే పడుకోవాలి గదా. అందుచేత మేము పారబోసే వేడిని వీలైనంత తగ్గించుకోవాలని చూస్తున్నాము. 2020 జనవరి నుండి మన దేశంలో అమ్మే స్టార్ గుర్తు గల గది ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నియమం పెట్టారు. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ప్రభుత్వం వారు చెప్తున్నారు. మాది పాతది గనుక డిగ్రీల అంకెలు లేవు. ఉష్ణమాపకం చూసి, గది 26 డిగ్రీల దగ్గర ఉండేలా గుండ్రని మీట త్రిప్పి గుర్తు పెట్టుకున్నాము. దానితో పాటు ఫ్యాను చిన్నగా వేస్తే అమ్మకు అదే హాయిగా ఉన్నది. డాబా మీద తెల్లసున్నం వేయించాము. మధ్యాహ్నం కిటికీకి మందపాటి తెర వేస్తున్నాము. తలుపు క్రింది సందుకు పాత చీర మడచి పెడుతున్నాము. గదిలోకి వేడి రావడం ఎంత తగ్గితే, తోడి పారబోయవలసినది అంత తగ్గుతుంది.

ప్రియ పాఠకులారా, ఇంట్లో ముసలివారో, పసిపిల్లలో, రోగులో ఉంటే ఏసీ పెట్టించుకోవడానికి వెనుకాడవద్దు. ఎండ ప్రాణాలు తీయగలదు. అయితే బిగించే రోజున ఒక్క పని చేయండి. మేస్త్రీ గోడ మీద గీత గీయకముందే, ఆ గోడకు అవతలి వైపుకు వెళ్ళి ఒక నిమిషం నిలబడండి. వేడి గాలి ఎటు పోతుందో, అక్కడ ఎవరి కిటికీ ఉన్నదో, ఎవరు కూర్చొని పని చేసుకుంటారో, ఎవరి పిల్లలు ఆడుకుంటారో చూడండి. వీలైతే వారితో ఒక మాట మాట్లాడండి. ఆ తరువాతనే గోడ మీద గీత గీయించండి.